పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీ ముగిసింది, ఇక మీదట జీవితం ఎలా ఉంటుంది?

మీ నాన్నగారికి ఫిజియోథెరపీ ముగిసి మూడు నెలలైందని, చేతికర్రతో నడుస్తున్నా మునుపటి మనిషిలా లేరని, ఇక ఇంతేనా అని అడిగారు. నాకు 2015లో, 56వ ఏట, మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా కొన్నాళ్లు పోయింది. దీన్ని ఎడమ చేతి చూపుడువేలితో టైపు చేస్తున్నాను కనుక తప్పులుంటే మన్నించండి.

ఇంటికి పంపేటప్పుడు, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలమో కొలిచే బార్తెల్ సూచీలో నాకు నూటికి 90 మార్కులు వేశారు. 1965లో వెలువడిన ఆ కొలతలో తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మలమూత్రాల మీద అదుపు, నడక, మెట్లెక్కడం వంటి 10 పనులుంటాయి. మాటకు గాని, దిగులుకు గాని, అలసటకు గాని అందులో ఒక్క మార్కు కూడా లేదు. నూటికి 90 తెచ్చుకున్న నేను ఏడాదిన్నర పాటు వీధి గేటు దాటలేదు.

కారణం వింటే మీకు చిన్నదిగా తోచవచ్చు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తినగలను, కొలత ప్రకారం అది స్వయంగా తినడమే. కాని బంతిలో నలుగురి మధ్య కూర్చుని ఎడమ చేత్తో అన్నం నోట పెట్టుకోవాలంటే నాకు తల కొట్టేసినట్లుండేది. రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం ఏవో సాకులు చెప్పి తప్పించుకున్నాను. చివరికి మా అక్కయ్య మనవరాలి అన్నప్రాశననాడు మా బావగారు ఏమీ అనకుండా నా పక్కన కూర్చుని, తనకూ ఒక చెంచా తెప్పించుకున్నారు. ఆనాటి నుంచి భోజనాలకు వెళుతున్నాను.

మొదటి ఆరు నెలల్లో వచ్చినంత వేగంగా కదలిక తర్వాత రాదన్నది నిజమే, అయినా అక్కడితో ఆగిపోదు: మూడో ఏట కుడి చేత్తో కాగితం అదిమిపట్టి ఎడమ చేత్తో సంతకం చేయగలిగాను. దిగులును మాత్రం తేలికగా తీసుకోకండి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి అది వస్తుంది, మందులకు లొంగుతుంది, కాని చాలామంది డాక్టర్లు తామై అడగరు, మీరే చెప్పాలి. అరగంట మాట్లాడితే నేను పడుకోవలసి వస్తుంది. దాన్ని ఇంట్లో కొన్నేళ్లు బద్ధకమనే అనుకున్నారు. లేపేటప్పుడు పడిపోయిన చేయి పట్టి లాగకండి, భుజం పాడవుతుంది. పావురం రక్తం రాయమనేవారికి ఒక నమస్కారం పెట్టి పంపించి, బీపీ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు డాక్టరు చెప్పేదాకా ఆపకుండా వేయించండి.

మీ నాన్నగారు ఇదివరకు సాయంత్రాలు ఎవరితో, ఎక్కడ గడిపేవారో కనుక్కుని, అక్కడికి చేరడానికి ఏ పని రావాలో ఆ ఒక్క పని నేర్పమని ఫిజియోథెరపిస్టును అడగండి. నేను ఆటో ఎక్కి దిగడం నేర్పమన్నాను. అంతకుముందు నెలల తరబడి సైకిల్ పెడల్ తొక్కించినాయనకు అది నేర్పడానికి నాలుగు రోజులు పట్టింది.