రెట్టింపు పందానికి ఒప్పుకోవాలా?

ప్రశ్న: ఫోనులో బ్యాక్‌గమాన్ అనే పాచికల ఆట ఆడుతుంటాను. కాయలు నడపడం బాగానే వచ్చింది గానీ, పందెం రెట్టించడానికి వాడే డబ్లింగ్ క్యూబ్ దగ్గర తడబడుతున్నాను. సగానికన్నా తక్కువ అవకాశం ఉన్న ఆటలో రెట్టింపు పందానికి ఒప్పుకోవడం తెలివితక్కువ కాదా? అందుకే ఒప్పుకోకుండా ఆ ఆట వదిలేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదండీ. ఎదుటివారు పందెం రెట్టించే సమయానికి మీరు ఎలాగూ వెనుకబడే ఉంటారు కాబట్టి, అప్పుడు మీరు చేయవలసింది రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకోవడం. వదులుకుంటే ఒక పాయింటు ఖాయంగా పోతుంది. అటువంటి ఆటలు నాలుగు వదిలేస్తే నాలుగు పాయింట్లు. ఆ నాలుగింటికీ ఒప్పుకుని మూడు ఓడి ఒక్కటి గెలిచారనుకోండి, ఆరు పోయి రెండు వస్తాయి, అక్కడా నష్టం నాలుగే. అంటే గెలిచే అవకాశం 25 శాతం ఉంటే రెండు దారులూ సమానం, అంతకు మించితే ఒప్పుకోవడమే మేలు. పైగా ఒప్పుకున్నాక క్యూబ్ మీ వైపు వస్తుంది. మళ్లీ రెట్టించే హక్కు ఇక మీ ఒక్కరిదే కనుక, ఆట ఇంకా చాలా మిగిలి ఉన్నప్పుడు 25కు కాస్త తగ్గినా ఒప్పుకోవచ్చు. అయితే మీ కాయ ఒక్కటైనా పండకముందే ఎదుటివారు అన్నీ పండించుకుంటే, అంటే గ్యామన్ అయితే, పోయేది మళ్లీ రెట్టింపవుతుంది. మీ కాయలు వెనుక చిక్కుబడి ఆ ప్రమాదం కనిపిస్తున్నప్పుడు 25 శాతం లెక్కను నమ్ముకోకండి. నా దృష్టిలో, కొత్తవాళ్లు తప్పుగా ఒప్పుకుని పోగొట్టుకునేదానికన్నా భయపడి వదిలేసి పోగొట్టుకునేదే ఎక్కువ.

అన్నట్టు, ఆట ఎంతో పాతదైనా ఈ క్యూబ్ పాతది కాదు. 1920లలో న్యూయార్క్ క్లబ్బుల్లో పుట్టింది. కనిపెట్టినదెవరో ఇప్పటికీ తేలలేదు.

ప్రశ్న: చివరికి నాకు ఐదో గడిలో ఒక కాయ, రెండో గడిలో ఒక కాయ మిగిలాయి. ఎదుటివారికి ఒకటో గడిలో ఒక్కటే ఉంది. క్యూబ్ ఇంకా మధ్యలోనే ఉంది, అంటే ఇంకా ఎవరూ రెట్టించలేదు, పాచికలు వేయవలసింది నేను. గెలుపు సగం సగమేనని రెట్టించలేదు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: రెట్టించవలసింది. రెండు పాచికలు 36 విధాలుగా పడవచ్చు. ఒకదానిలో ఐదో ఆరో పడి రెండోదానిలో కనీసం రెండు పడే విధాలు 16. జంట నాలుగు, జంట మూడు, జంట రెండు కలిపితే 19. అంటే 36 ఆటల్లో మీరు 19 గెలిచి 17 ఓడతారు, రెట్టించకపోతే నికరంగా రెండు పాయింట్లు, రెట్టిస్తే నాలుగు. ఎదుటివారి తర్వాతి వంతుకు ఆట ఎలాగూ ముగుస్తుంది కాబట్టి క్యూబ్ వారి చేతికి వెళ్లినా దానితో వారు చేయగలిగింది ఏమీ లేదు. 17 అవకాశాలున్న వారు కూడా ఒప్పుకోవలసిందే.

దీనికన్నా ఆసక్తికరమైనది అంతకు ముందు ఎత్తు. ఆరు, ఐదు, మూడు గడుల్లో కాయలుండి ఆరు-ఒకటి పడిందనుకుందాం. ఆరో గడి కాయ పండుతుంది. మిగిలిన ఒకటితో మూడులోని కాయను రెండుకు జరిపితే 19 అవకాశాలు, ఐదులోని కాయను నాలుగుకు జరిపితే 17 మాత్రమే. నడవవలసిన గడుల మొత్తం రెండిటా ఏడే. ఎక్కువమంది నాలుగు-మూడు వైపే మొగ్గుతారు, చూడటానికి పొందికగా ఉంటుంది కాబోలు.

ప్రశ్న: ఏడు పాయింట్ల పోటీలో ఎదుటివారు ఆరుకు చేరారు, నావి నాలుగే. ఎప్పుడు రెట్టించాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వారు ఆరుకు చేరిన వెంటనే జరిగే ఒక్క ఆటలో క్రాఫర్డ్ నియమం ప్రకారం క్యూబ్ వాడకూడదు. ఆ తర్వాతి ఆటలో మీ మొదటి అవకాశానికే రెట్టించండి. వారికి ఒక్క పాయింటు చాలు, ఆ ఆట ఓడితే పందెం ఎంతైనా మీ పోటీ ముగిసినట్టే; గెలిస్తే మాత్రం రెండు పాయింట్లు మీవి.