కాలేయంలో కొవ్వు మోసే ప్రొటీన్లు తగ్గాయా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. మద్యం ముట్టను. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్-1 అన్నారు, ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయి. ఆరు నెలలుగా నూనె బాగా తగ్గించినా మార్పు లేదు. కణాల్లో కొవ్వును మోసే ప్రొటీన్లు తగ్గితే ఇలా అవుతుందని చదివాను. ఆ పరీక్ష చేయించుకోవాలా? ప్రొటీన్ పౌడర్ వాడమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అలాంటి ప్రొటీన్లు ఉన్న మాట నిజమే గానీ, మీ సమస్య వాటి కొరత వల్ల వచ్చింది కాదు. కొవ్వు ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు కనుక రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ప్రయాణిస్తాయి. కాలేయ కణంలోకి చేరాక వాటిని ఎఫ్ఏబీపీ-1 అనే చిన్న ప్రొటీన్ అందుకుని, ఇంధనంగా మండించే మైటోకాండ్రియాకో, ట్రైగ్లిజరైడ్లు తయారయ్యే చోటుకో చేరుస్తుంది. కొన్నింటిని కేంద్రకం దాకా తీసుకెళ్లి, కొవ్వును కరిగించే జన్యువులను మేల్కొలిపే పీపార్-ఆల్ఫా అనే మరో ప్రొటీన్‌కు అందిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగినప్పుడు మేము రాసే ఫెనోఫైబ్రేట్ పనిచేసేది కూడా ఈ పీపార్-ఆల్ఫా మీదే.

కాలేయ కణాల్లో సమృద్ధిగా ఉండే ప్రొటీన్లలో ఎఫ్ఏబీపీ-1 ఒకటి. మీ విషయంలో మోసేవారు తగ్గలేదు, మోయాల్సిన బరువు పెరిగింది. ఫ్యాటీ లివర్ ఉన్నవారి కాలేయంలో చేరే కొవ్వులో దాదాపు 60 శాతం శరీరంలో అప్పటికే నిల్వ ఉన్న కొవ్వు కరిగి వచ్చేదే. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఈ ప్రవాహం భోజనం తర్వాత కూడా ఆగదు. మరో పాతిక శాతాన్ని అన్నం, చక్కెర వంటి పిండిపదార్థాల నుంచి కాలేయమే తయారుచేస్తుంది. తిన్న నూనె, నెయ్యి నుంచి నేరుగా వచ్చేది 15 శాతం మాత్రమే. నూనె ఒక్కటే తగ్గించి, పళ్లెంలో అన్నాన్నీ టీలో చక్కెరనూ అలాగే ఉంచితే ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే.

కాలేయం తనలో చేరిన కొవ్వును అపోబీ-100 అనే ప్రొటీన్‌తో కలిపి రక్తంలోకి పంపుతుంది. ఈ ప్రొటీన్‌లో పుట్టుకతో లోపం ఉన్నవారికి కాలేయంలో కొవ్వు పేరుకున్నా రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు బాగా తక్కువగా ఉంటాయి. మీకు 260 ఉన్నాయంటే ఆ దారి మూసుకుపోలేదని అర్థం. కాబట్టి ఎఫ్ఏబీపీ పరీక్ష మీకు అవసరం లేదు. దాని ఫలితాన్ని బట్టి మారే చికిత్స కూడా ఏదీ లేదు. పౌడర్ రూపంలో తీసుకున్న ప్రొటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది తప్ప, కాలేయానికి వెళ్లి కొవ్వును మోయదు. తీవ్ర పోషకాహార లోపంతో ఒళ్లు ఉబ్బిన పసిపిల్లల్లో ప్రొటీన్ కొరత వల్ల కాలేయంలో కొవ్వు చేరే మాట వాస్తవమే, కానీ మీ పరిస్థితి అది కాదు.

గ్రేడ్-1 అనే మాట కొవ్వు ఎంత ఉందో చెబుతుంది గానీ కాలేయం గట్టిపడిందో లేదో చెప్పదు. అందుకే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు పరీక్ష చేయించండి. వీటికి మీ వయసును కలిపి ఫిబ్-4 స్కోరు లెక్కగడతారు, అది ఎక్కువగా ఉంటేనే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరమవుతుంది. మధుమేహం కోసం హెచ్‌బీఏ1సీ, వీటితోపాటు థైరాయిడ్ కూడా చూపించుకోండి. అధిక బరువు ఉంటే మీ మొత్తం శరీర బరువులో 7 నుంచి 10 శాతం నెమ్మదిగా తగ్గించండి. అన్నం సగానికి తగ్గించి ఆ మేరకు పప్పు, కూరలు పెంచండి, కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు మానేయండి, వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి. మూడు నెలల తర్వాత పరగడుపున ట్రైగ్లిజరైడ్లు మళ్లీ చూపించుకోండి. అవి 500 దాటితే పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది కనుక అప్పుడు మందు మొదలుపెట్టడంలో జాప్యం చేయకూడదు.