ఆ ఉంగరం పాడైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు?

బుజ్జీ,

నీ కథ మూడు అధ్యాయాలూ చదివాను. తొడుక్కోగానే గాయం మాన్పే ఉంగరం, దాన్ని ఊరంతా అమ్మవారి మహిమ అనుకోవడం, అదంతా బాగుంది. కానీ మూడో అధ్యాయంలో ముసలి వైద్యుడి చేత నానో రోబోలు, క్వాంటమ్ అంటూ రెండు పేజీల ఉపన్యాసం ఇప్పించావు చూడు, అది కొట్టెయ్. అక్కడ మహిమా పోయింది, సైన్సూ రాలేదు.

బాగా ముదిరిన టెక్నాలజీకీ మాయకీ తేడా కనిపెట్టలేమని సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అన్న మాట మొదటి పేజీలోనే పెట్టుకున్నావు. నిజమే, కానీ అది చూసేవాడి వైపు నుంచి చెప్పిన మాట. రాసేదానివి కాబట్టి నీకు తెర వెనక కూడా పనుంటుంది.

1856లో ఫ్రెంచి ప్రభుత్వం రాబర్ట్ హూడిన్ అనే ఇంద్రజాలికుణ్ణి అల్జీరియాకి పంపింది, అక్కడి ఫకీర్ల మహిమల కంటే తమవే గొప్పవని జనాన్ని నమ్మించడానికి. ఆయన ఒక చిన్న పెట్టె పెట్టి, కండలు తిరిగినవాణ్ణి పిలిచి ఎత్తమన్నాడు, అవలీలగా ఎత్తేశాడు. "నీ బలం లాగేశాను, ఇప్పుడెత్తు" అన్నాడు. కదల్లేదు! కింద విద్యుదయస్కాంతం ఉంది మరి. ఈ కథ ఆ బలశాలి కళ్లతో చెబితే మాయ, కింద కరెంటు వదిలేవాడి కళ్లతో చెబితే ఉద్యోగం. ఎవరి కళ్లతో చెబుతున్నావో తేల్చుకోకుండా పేజీకో వైపు దూకితే పాఠకుడికి చిరాకు.

నేనైతే ఒక్కటే అడుగుతాను: నీ ఉంగరం పాడైతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు? గుడికా, కొట్టుకా? నీ ఊళ్లో కంసాలి ఉన్నాడుగా, వాడుకో. తీగ వంచి చేసిన ఉంగరానికి టంకం పెట్టిన చోటు ఎక్కడో ఉండాలి, దీనికి లేదు. పట్టకారుతో పట్టుకుని కుంపట్లో పెట్టి ఊదుగొట్టంతో ఎంత ఊదినా ఎర్రబడదు, తీసి అరచేతిలో వేసుకుంటే చల్లగా ఉంది. ఇది మనిషి చేసిందేననీ, తనకి తెలిసిన మనిషెవడూ చెయ్యలేడనీ ఆయనకి అర్థమవుతుంది. ఇంక క్వాంటమ్ ఎందుకు?

రూలు మాత్రం తప్పకూడదు. 1957 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక ఎలా పనిచేస్తుందో ఎవరూ చెప్పరు, తెరిచినవాళ్లకి ఏది ప్రియమో అదే చూపిస్తుంది, అంతే. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడికి శకుని! ఇప్పటివాళ్లు దాన్ని వీడియో కాల్ అంటారు గానీ, కాల్‌లో ఎవర్ని చూడాలో మనమే ఎంచుకుంటాం, అక్కడ మనసు దొరికిపోతుంది. నీ ఉంగరం మొదటి అధ్యాయంలో తొడుక్కున్నవాళ్లకే పనిచేసింది, రెండో అధ్యాయంలో గుర్రానికి తాకిస్తే చాలింది. ఏదో ఒకటి ఉంచు.

అన్నట్టు, ప్రాచీన విమానాల గ్రంథమని చెప్పుకునే ఆ 'వైమానిక శాస్త్రం' ప్రస్తావన తీసెయ్. 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) వాళ్లు పరిశీలించి, ఆ పుస్తకం 1904కి ముందుది కాదనీ, అందులో చెప్పిన విమానాలు ఎగరవనీ తేల్చారు. పుష్పకం తలుచుకున్న చోటికి వెళ్తుంది, వాల్మీకికి అంతకుమించి ఇంజను అవసరం పడలేదు.

ముందు కంసాలి సీను రాసి పంపు. వైద్యుడి ఉపన్యాసం ఉంచాల్సిందేనని మొండికేస్తే, పది లైన్లకి కుదించి అందులో సగం తప్పు చెప్పించు. ఆయనక్కూడా పూర్తిగా తెలియకపోతేనే నాలుగో అధ్యాయంలో నీకు పనుంటుంది.

పెదనాన్న