ద్రాక్ష తొక్క తీసి తినాలా?

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ ద్రాక్ష ఇష్టమే. అయితే పండు మీది తెల్లటి పొడి పురుగుమందేమోనన్న అనుమానంతో తొక్క ఒలిచి తింటున్నాం. పిల్లలకు రసం తీసి, వడగట్టి ఇస్తున్నాం. ఇలా చేస్తే పోషకాలు తగ్గుతాయా? మధుమేహం ఉన్న మా వారు ద్రాక్ష తినవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అనుమానిస్తున్న ఆ తెల్లటి పొర సాధారణంగా పండు మీద సహజంగా ఏర్పడే మైనమే, లోపలి తేమ ఆరిపోకుండా అది కాపాడుతుంది. వేలితో రుద్ది చూడండి, పొర చెదిరి కింద నిగనిగలాడే రంగు బయటపడుతుంది. అది చెదరకుండా ఉన్న గుత్తిని ఎక్కువమంది చేతులతో నలపలేదని అనుకోవచ్చు. ఇక మందుల అవశేషాలు కంటికి కనిపించేవి కావు కనుక, పొర ఉన్నా లేకున్నా పండ్లను ధారగా పడే నీటి కింద కడగవలసిందే. సబ్బు అక్కరలేదు. తినబోయే ముందే కడగండి. తడి గుత్తిని ఫ్రిజ్‌లో పెడితే త్వరగా బూజు పడుతుంది.

తొక్కను పారేయడం మాత్రం నష్టమే. నల్ల ద్రాక్షకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు, తరచూ పత్రికల్లో కనిపించే రెస్వెరట్రాల్ అనే సహజ రసాయనం ప్రధానంగా అందులోనే ఉంటాయి. అలాగని రెస్వెరట్రాల్ పేరు చెప్పి ద్రాక్షను సర్వరోగ నివారిణిగా చూపే ప్రచారాన్ని నమ్మనక్కరలేదు, ఎందుకంటే పండులో దాని పరిమాణం అతి స్వల్పం. 100 గ్రాముల ద్రాక్షలో దాదాపు 80 గ్రాములు నీరే. సుమారు 70 కేలరీల శక్తి, 15 గ్రాముల చక్కెర, 190 మిల్లీగ్రాముల పొటాషియం, కొంత విటమిన్ కె లభిస్తాయి. విటమిన్ సి కోసమైతే నారింజే మేలు.

పీచు 100 గ్రాములకు ఒక గ్రాము మాత్రమే ఉంటుంది. రసం వడగట్టినప్పుడు ఆ కాస్తా పిప్పితో పోతుంది. పైగా నమిలి తింటే గుప్పెడుతో తృప్తిపడే పిల్లలు, గ్లాసు రసంలో రెండు మూడు గుప్పెళ్ల పండ్ల చక్కెరను ఒక్క గుక్కలో తాగేస్తారు. కనుక పండే ఇవ్వండి. ఐదేళ్లలోపు వారికి గుండ్రటి పండు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, గింజలు తీసి, నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి.

మీ వారు ద్రాక్షను పూర్తిగా మానుకోవలసిన పని లేదు. చిన్న పండ్లు 17 తింటే సుమారు 15 గ్రాముల పిండిపదార్థం అందుతుంది. దాన్ని ఆ పూట భోజనం లెక్కలో కలుపుకుని, తమ వైద్యుడు చెప్పిన పరిమితిలో తినవచ్చు. ఎండు ద్రాక్షతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం: నీరు ఆరిపోయి తీపి చిక్కబడటం వల్ల 100 గ్రాములకు దాదాపు 300 కేలరీలు ఉంటాయి.

లెక్క పెట్టుకుని తినవలసిన వారికి ఒక ఉపాయం ఉంది. కడిగి తుడిచిన పండ్లను విడివిడిగా పరచి, నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి గుజ్జు ఐసుముక్కలా గట్టిపడుతుంది. అప్పుడు గబగబా నమలడం కుదరదు, ఒక్కొక్కటీ నోట్లో మెల్లగా కరగవలసిందే.