అగ్రిజెంటో గుళ్ల దగ్గర ఫొటోలు

చిరంజీవి చిన్నమ్మాయికి,

డిసెంబర్ సెలవుల్లో ఇటలీలోని సిసిలీ వెళ్తున్నానని, అగ్రిజెంటోలో గ్రీకు గుళ్లకి ఏ లెన్స్ తీసుకెళ్లాలని అడిగావు. లెన్స్ సంగతి తర్వాత, ముందు వేళ చూసుకో.

ఆ స్తంభాల మీద పైనుంచి కిందిదాకా నిలువు గాడులుంటాయి. ఎండ నీ వీపు వెనకనుంచి తిన్నగా పడితే అవి కనబడవు, స్తంభాలు నున్నటి పైపుల్లా వస్తాయి. పక్కనుంచి ఏటవాలుగా పడితేనే గాడిగాడికీ నీడ వస్తుంది. ఆ గుళ్లలో బాగా నిలిచి ఉన్నది కాంకార్డియా గుడి, దాని ముఖం తూర్పుకి. పొద్దున్నే ముందువైపు తియ్యి. మధ్యాహ్నం మూడయ్యాక దక్షిణం వైపున్న పొడుగు వరుసకి రా. ఆ నెలలో ఐదింటిలోపే పొద్దుగూకుతుంది, కాఫీ అంటూ కూర్చోకు.

ఎదురుగా నిలబడి తీస్తే ఆరు స్తంభాలే కనిపిస్తాయి. మూలకి జరిగితే పక్క వరుసలోని 13 కూడా కలిసి గుడి పొడవు తెలుస్తుంది. కెమెరా పైకెత్తావంటే స్తంభాలన్నీ వెనక్కి వాలిపోతాయి. అందుకని వీలైనంత వెనక్కి నడిచి, కెమెరా పైకీ కిందికీ వంచకుండా తిన్నగా పట్టుకో. కింద నేల ఎక్కువొస్తే ఇంటికొచ్చాక కత్తిరించుకోవచ్చు. ఫోన్‌లో 0.5 అని ఉండే బాగా వెడల్పు లెన్స్ మాత్రం నొక్కకు.

క్రీ.పూ. 5వ శతాబ్దపు గుడి ఇంత చెక్కుచెదరకుండా ఎలా ఉందంటే, క్రీ.శ. 6వ శతాబ్దం చివర్లో దాన్ని చర్చిగా మార్చుకున్నారు. అప్పుడు లోపలి గోడల్లో తొలిచిన ఆర్చీలు ఇంకా ఉన్నాయి. జనం ముందు నుంచి సెల్ఫీ తీసుకుని వాటిని చూడకుండానే పోతారు. స్తంభాల సందులోంచి జూమ్ చేసి తియ్యి. దీనికే నీ జూమ్ లెన్స్ కావాలి. మిగతాదానికి మామూలు లెన్స్ చాలు.

గుడి ముందు పడి ఉన్న ఇకారస్ (గ్రీకు పురాణాల్లో రెక్కలతో ఎగిరి పడిపోయినవాడు) కంచు విగ్రహం ఈమధ్య పెట్టినదే, శిల్పి ఇగోర్ మితోరాయ్ చేసినది. అందరూ దాన్నే తీస్తారు. నీ ఇష్టం, నాకైతే గుడికి అడ్డమనిపిస్తుంది.

ఎడిట్ చేసేటప్పుడు ఆరెంజ్ పెంచకు. సాయంత్రం ఆ రాయి ఎలాగూ బంగారు రంగుకి తిరుగుతుంది. నిజానికి కట్టిన రోజుల్లో దానిమీద తెల్లటి గార పూత ఉండేదట!

ట్రైపాడ్ తీసుకెళ్తే గేటు దగ్గరే అడుగు, డ్రోన్ జోలికి పోకు. ఫొటోలు ఈమెయిల్లో పంపు. వాట్సాప్‌లో పంపితే కుదించేస్తుంది, నాకు గాడులు కనబడవు.

మీ పెదనాన్న