వైజాగ్‌లో ఉంటూ డీఈఐ కన్సల్టెంట్‌గా బతకగలమా?

హెచ్‌ఆర్‌లో ఎనిమిదేళ్లు చేశానని, ఉద్యోగం మానేసి విశాఖలోనే ఉంటూ సమానత్వం, వైవిధ్యం, అందరినీ కలుపుకుపోవడం (డీఈఐ అంటే ఇవే) విషయాల్లో సంస్థలకు సలహాలిచ్చే పని పెట్టుకుంటే ఇల్లు గడుస్తుందా అని అడిగారు. నేను ఈ పనిలోకి వచ్చి ఆరేళ్లయింది. గడుస్తుందండి. మొదటి ఏడాది మాత్రం మా ఆయన జీతం మీదే గడిచింది.

నేను చేసిన మొదటి తప్పు విజిటింగ్ కార్డు. 'వైవిధ్య, సమ్మిళిత సలహాదారు' అని అచ్చు వేయించాను. ఆటోనగర్‌లో ఒక యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్సూరెన్సా అమ్మా?" అన్నారు. ఆ మాటలకు ఇక్కడ ఎవరూ డబ్బివ్వరు, చట్టానికి ఇస్తారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటివారు. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. మనకు తలుపు తెరుచుకునేది అక్కడే. (దీనికి మూలమైన 1997 నాటి 'విశాఖ తీర్పు'కు మన ఊరితో సంబంధం లేదు. రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లిన సంస్థ పేరది. ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు.)

బయటి సభ్యులకు నియమాల్లో రాసిన భత్యం రోజుకు 200 రూపాయలు, ప్రయాణ ఖర్చు వేరు. దాని మీద ఎవరూ బతకలేరు కాబట్టి ఆదాయమంతా శిక్షణలు, విధానపత్రాలు, తనిఖీ నివేదికల నుంచే రావాలి. అయితే ఒకే సంస్థలో కమిటీ సభ్యత్వం, ఫీజు పని రెండూ నేను తీసుకోను. ఫిర్యాదు యజమాని బావమరిది మీద వచ్చిన రోజున నా నోరు ఎటు తిరుగుతుందో నాకే నమ్మకం లేదు.

అసలు పని ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. నగర శివార్లలో ఒక కర్మాగారానికి శిక్షణకు వెళ్లాను. హాలులో నలభై మంది, ముందు వరుసలో సూపర్‌వైజర్లు. ఆడవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. విరామంలో టీ కోసం వెనక్కి వెళితే, నేల తుడుస్తున్న ఒకామె కనిపించింది. "మీరు రాలేదేమమ్మా?" అంటే, "మేము కాంట్రాక్టు వాళ్లం, మమ్మల్ని పిలవరండి" అంది. చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టు, దినకూలీ అందరూ వస్తారు. కాసేపాగి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి గొళ్ళెం ఊడి ఎన్నో రోజులైందని, ఒకరు లోపలికి వెళితే మరొకరు తలుపు పట్టుకుని నిలబడతారని చెప్పింది. వెళ్లి చూశాను. గొళ్ళెం ఉండాల్సిన చోట రెండు మేకు రంధ్రాలు, వాటిలో కాగితం ముక్కలు కుక్కి ఉన్నాయి.

నివేదికలో ఆమె ప్రస్తావన లేకుండా, మొదటి అంశంగా అదే రాశాను. వారంలో గొళ్ళెం పెట్టించారు. ఆ పేరా తీసేసి నివేదిక మళ్లీ పంపమన్నారు. తీయలేదు. ఆ సంస్థ నుంచి మళ్లీ పిలుపు రాలేదు. మిగిలిన సగం ఫీజుకు ఐదు నెలలు తిరిగాను.

అందుకే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పోర్టల్ 'ఉద్యమ్‌'లో నమోదు చేసుకోండి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించకపోతే వడ్డీ అడిగే హక్కు ఉంటుంది. నేను దాన్ని ఇన్‌వాయిస్ కింద ఒక వాక్యంగా ముద్రిస్తాను, సగం పని ఆ వాక్యమే చేస్తుంది. ఫీజులో పది శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద కోసుకుంటారని ముందే లెక్కవేసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ బెడద లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా చదవండి. ప్రైవేటు సంస్థలకూ సమాన అవకాశాల విధానపత్రం తప్పనిసరి అని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు వేరే కంపెనీది దించుకుని పేరు మార్చుకుంటారు. ఒకచోట పేరు మార్చడం కూడా మరిచిపోయారు.

స్లైడ్లు తెలుగులో చేసుకోండి. 'లైంగిక వేధింపులు' అంటే హాలు బిగుసుకుపోతుంది. 'పని చూపిస్తూ భుజం మీద చెయ్యి వేయడం' అంటే తలలు పైకి లేస్తాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పడేదాకా మాత్రం రాజీనామా ఇవ్వకండి. ఆ పేరా తీయనని నేను అనగలిగింది బ్యాంకులో అంత ఉండబట్టే.