థయో ఎక్కడిది?

ప్రశ్న: సల్ఫేట్, సల్ఫైడ్ పేర్లలో సల్ఫర్ కనిపిస్తోంది. మరి థయోసల్ఫేట్‌లో ఈ 'థయో' ఏమిటి?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: అదీ గంధకమే. 'సల్ఫర్' లాటిన్ మాట; 'థయో'కి మూలం గ్రీకువాళ్లు గంధకానికి పెట్టుకున్న పేరు, 'థెయోన్'. గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీలో శత్రుసంహారం అయ్యాక ఇంటిని శుద్ధి చేయడానికి పొగ వేసింది దీంతోనే. గ్రీకులో 'దైవికం' అనే మాట కూడా ఇలాగే ఉంటుంది. అంతమాత్రాన గంధకానికి దేవుడితో చుట్టరికం కలపకండి.

రసాయన శాస్త్రంలో మాత్రం దాని అర్థం కచ్చితం: ఒక ఆక్సిజన్ లేచిపోయి ఆ చోట సల్ఫర్ కూర్చుంది. పేరులోంచి 'థయో' తీసేసి, మిగిలినదాని ఫార్ములా రాయండి. అందులో ఒక ఆక్సిజన్ కొట్టేసి సల్ఫర్ పెట్టండి. సల్ఫేట్‌లో ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు. థయోసల్ఫేట్‌లో రెండు సల్ఫర్‌లు, మూడు ఆక్సిజన్‌లు. ఆక్సిజన్, సల్ఫర్ రెండూ ఆవర్తన పట్టికలో 16వ గ్రూపువే కాబట్టి విద్యుదావేశం మారదు, మైనస్ రెండే. నాలుగు ఆక్సిజన్‌లనూ ఉంచి, పక్కన ఇంకో సల్ఫర్ తగిలించడం పరీక్షల్లో మామూలుగా జరిగే తప్పు. థయో అంటే చేర్చడం కాదు, మార్చడం. యూరియా నుంచి థయోయూరియా, సయనేట్ నుంచి థయోసయనేట్ ఇలాగే వస్తాయి. కార్బొనేట్‌లో మూడూ మారితే ట్రైథయోకార్బొనేట్.

అన్ని పేర్లూ ఈ లెక్కకు లొంగవు. విటమిన్ బీ1కి థయమిన్ అన్న పేరు సల్ఫర్ ఉందని చెబుతుంది, అంతే. థయొనిల్ క్లోరైడ్‌లో ఆక్సిజన్ కూడా ఉంటుంది.

ప్రశ్న: మా హేచరీకి వచ్చే హైపో బస్తా మీద సోడియం థయోసల్ఫేట్ అని ఉంది. రెండూ ఒకటేనా? క్లోరిన్ విరవడానికి ఎంత వేయాలి?
– టెక్నీషియన్, కాకినాడ

జవాబు: ఒకటే. వెండి లవణాలను ఇది కరిగిస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లో గమనించాడు. అప్పట్లో దాన్ని హైపోసల్ఫైట్ అనేవారు. శాస్త్రం పేరు దిద్దుకుంది; ఫిల్ముపై మిగిలిన వెండి లవణాలను కరిగించడానికి దీన్ని వాడిన ఫొటో స్టూడియోలు దిద్దుకోలేదు, 'హైపో' అనే పిలిచాయి. అద్దకం వాళ్లు వాడే హైడ్రోసల్ఫైట్ మాత్రం వేరే సరుకు. పేరు చూసి పొరబడొద్దు.

నీళ్లలో మిగిలిన క్లోరిన్ 1 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో ఒక భాగం) హైపో 7 పీపీఎం. 10 టన్నుల ట్యాంకులో 2 పీపీఎం ఉంటే క్లోరిన్ 20 గ్రాములు, హైపో 140 గ్రాములు. ఈ లెక్క స్ఫటికాలకు, అంటే అణువుకు ఐదు నీటి అణువులు ఉన్నదానికి. నీరు లేని పొడి అయితే క్లోరిన్‌కు దాదాపు నాలుగున్నర రెట్లు చాలు. వేసిన బ్లీచింగ్‌ను బట్టి కాదు, ముందు బాగా గాలి కొట్టించి, ఆ తర్వాత కిట్‌తో కొలిచిన క్లోరిన్‌ను బట్టి లెక్క కట్టండి. బకెట్ నీళ్లలో కరిగించి ట్యాంకంతా తిప్పి పోయండి. మళ్లీ పరీక్షించి, సున్నా అని చూశాకే రొయ్య, చేప పిల్లలను వదలండి. ఆసిడ్ తగిలితే ద్రావణం పాలలా తెల్లబడి ఘాటు వాసన వేస్తుంది: విడిపోయిన గంధకం, సల్ఫర్ డయాక్సైడ్. అలాంటిది పారబోయండి.

ప్రశ్న: వంటగ్యాస్ వాసనకు కలిపేది మెర్‌కాప్టానా, థయోలా?
– గృహిణి, వరంగల్

జవాబు: రెండూ ఒకే కుటుంబం. ఆల్కహాల్‌లోని ఆక్సిజన్ స్థానంలో సల్ఫర్ వస్తే థయోల్. ఇథనాల్‌కు జోడీ ఇథేన్‌థయోల్. డెన్మార్క్ శాస్త్రవేత్త జైసె దీనికి పెట్టిన పాత పేరు మెర్‌కాప్టాన్. పాదరసాన్ని పట్టుకునేది అని లాటిన్‌లో దాని అర్థం.